1968 జీటీవో కొనచ్చు తమ్ముడూ, కానీ దాన్ని కొత్తది చేయకు

ప్రశ్న:

అన్నయ్యా, నమస్తే. మేం మిషిగన్‌లోని కాంటన్‌లో ఉంటాం. మాకు రెండు వీధుల అవతల ఒక పెద్దావిడ గరాజ్‌లో 1968 పాంటియాక్ జీటీవో ఉంది. ఆవిడ భర్త పాంటియాక్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యారట. కారు ఆయనే కొత్తగా కొన్నారట. 1991 తర్వాత బయటికి తీయలేదు. ఆయన పోయి రెండేళ్ళయింది. రంగు, ఇంజన్, సీట్లు అన్నీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినవేనని ఆవిడ చెబుతున్నారు. 24 వేల డాలర్లకి ఇస్తామన్నారు. కొని, పూర్తిగా విప్పించి, కొత్త కారులా చేయించి, ఆగస్టులో పిల్లలిద్దర్నీ వెనక కూర్చోబెట్టుకుని డిట్రాయిట్ వుడ్‌వార్డ్ రోడ్డు మీద తిప్పాలని నా కోరిక. రిటైరయ్యాక విజయవాడ తీసుకెళ్ళాలని కూడా ఉంది. నా భార్య మాత్రం "తుప్పు పట్టిన డబ్బాకి అంత డబ్బా? పైన ఇంకెంత పోస్తారు?" అంటోంది. నాకు కార్లంటే ప్రాణమేగానీ పానా పట్టిన అనుభవం లేదు. కొనాలా? కొంటే ఏమేం చూడాలి?

— కాంటన్ నుంచి ఒక పాఠకుడు

సమాధానం:

తమ్ముడూ, నీ ఉత్తరం చదువుతుంటే నన్ను ఆపింది ధర కాదు. "పూర్తిగా విప్పించి, కొత్త కారులా చేయించి" అన్నావే, ఆ మాట దగ్గర ఆగాను. ఆ సంగతి తర్వాత మాట్లాడతాను, ఎందుకంటే అసలు ఆ కారు ఏమిటో తెలిస్తే తప్ప నేనెందుకు వద్దంటున్నానో నీకు అర్థం కాదు.

1963లో జనరల్ మోటార్స్ పెద్దలు తమ విభాగాలేవీ రేసుల జోలికి వెళ్ళకూడదని తేల్చి చెప్పారు. మధ్యరకం కార్లలో 330 క్యూబిక్ అంగుళాలకు మించిన ఇంజన్ పెట్టకూడదన్న నియమం కూడా ఉండేది. ఆ కంపెనీలోని పాంటియాక్ విభాగంలో అప్పుడు చీఫ్ ఇంజనీరు జాన్ డిలోరియన్. ఆయన మనుషులు పెద్ద పాంటియాక్ కార్లలో వాడే 389 క్యూబిక్ అంగుళాల ఇంజన్ని తీసి టెంపెస్ట్ అనే మధ్యరకం కారులో దించి చూశారు. రెండూ ఒకే కొలతల్లో సరిపోయాయి. కొత్త మోడల్ అంటే పైవాళ్ళ అనుమతి కావాలి, అదనపు సదుపాయమంటే అక్కర్లేదు. అందుకని 1964లో జీటీవోని విడి మోడల్‌గా కాకుండా టెంపెస్ట్‌లో పై రకమైన లెమాన్స్ కారు మీద ఎంచుకునే ఒక అదనపు ప్యాకేజీగా అమ్మారు. మొదటి ఏడాదే 32,450 అమ్ముడయ్యాయి. తక్కువ బరువున్న కారులో పెద్ద ఇంజన్, కుర్రవాళ్ళకి అందే ధర: ఈ మూడూ కలిసిన దాన్నే తర్వాత మజిల్ కార్ అన్నారు. అమెరికాలో ఆ జాతికి మూలపురుషుడిగా చాలామంది చెప్పేది నీ పక్కవీధి గరాజ్‌లో ఉన్న కారు పేరునే.

1968 నాటికి జీటీవో విడి మోడల్ అయిపోయింది. ఒళ్ళంతా మార్చారు. ముందు బంపరుకి క్రోమ్ పూత తీసేసి, ఎండ్యూరా అనే సాగే పదార్థంతో చేసి, దాని మీద కారు రంగే వేశారు. ఇంజన్ 400 క్యూబిక్ అంగుళాలు, 350 గుర్రాల బలం. ఈ గుర్రాలు ఆనాటి లెక్క, అంటే ఫ్యాన్లు, సైలెన్సర్లు లేకుండా ఇంజన్ని ఒంటరిగా నిలబెట్టి కొలిచింది. 1972 నుంచి కార్ల కంపెనీలు కారులో అన్నీ బిగించాక ఉండే ఇంజన్ బలం చెప్పడం మొదలుపెట్టాక అంకెలు ఒక్కసారిగా పడిపోయాయి. 1968లో మోటార్ ట్రెండ్ పత్రిక కార్ ఆఫ్ ది ఇయర్ కూడా ఈ జీటీవోనే. 1968లో 87 వేలకు పైగా తయారయ్యాయి. అంటే అరుదైన కారు కాదు. కానీ ఒకే ఇంట్లో ఉండి, ఎవరూ రంగు మార్చకుండా మిగిలినవి మాత్రం చాలా అరుదు.

ఇక చూడాల్సింది. మొదట కారు దగ్గరికి కాదు, కాగితాల దగ్గరికి వెళ్ళు. మనవాళ్ళకి సెకండ్ హ్యాండ్ కారు అంటే దాని పాత చరిత్ర చెప్పే కార్‌ఫ్యాక్స్ రిపోర్టు చూడటం అలవాటు. అది ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే కారు గుర్తింపు సంఖ్య, అంటే విన్ నంబరు, 17 అక్షరాలతో 1981 నుంచే వచ్చింది. ఈ కారు నంబరు అంతకంటే పొట్టిది, అయినా చాలా చెబుతుంది. ముందు అద్దం అవతల, డ్రైవరు వైపు డ్యాష్ మీద చిన్న రేకు పలక ఉంటుంది. అందులో మొదటి అంకె 2, అంటే పాంటియాక్. తర్వాత 42, అంటే జీటీవో. ఆ తర్వాత 37 ఉంటే పైకప్పున్న రెండు తలుపుల కారు, 67 ఉంటే పైకప్పు మడిచే కన్వర్టిబుల్. ఆ పక్కన 8 అంటే 1968. దాని తర్వాతి అక్షరం ఏ ప్లాంటులో తయారైందో చెబుతుంది, పీ అని ఉంటే పాంటియాక్ ఊళ్ళోనే పుట్టిన కారు. మిగతా ఆరంకెలు వరస సంఖ్య. అంటే 242తో మొదలు కాకపోతే అది జీటీవో కాదు, ఎవరేం చెప్పినా. ఆ పలకను పట్టే రివెట్లు పూరేకుల ఆకారంలో ఉంటాయి. మామూలు గుండ్రటి రివెట్లు, స్క్రూలు కనిపిస్తే అక్కడే ఆగిపో. విన్ పలక మార్చడం ఈ దేశంలో ఫెడరల్ నేరం, ఆ తలనొప్పి కొన్నవాడి మెడకి చుట్టుకుంటుంది.

ఆ నంబరు రాసుకుని పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్‌కి పంపు. పాంటియాక్ విభాగం అమ్మకాల రికార్డులు వాళ్ళ దగ్గర ఉన్నాయి. కొద్దిపాటి రుసుము తీసుకుని ఆ కారు ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజు బిల్లు నకలు పంపుతారు. ఏ గేర్‌బాక్సు, ఏ రంగు, ఏ అదనపు సదుపాయాలు, ఏ డీలరుకి పంపారు, అన్నీ అందులో ఉంటాయి. కారుకి ఉన్నది, బిల్లులో ఉన్నది పక్కపక్కన పెట్టి చూడు. కొనక ముందే తెప్పించు, కొన్న తర్వాత కాదు.

ఇది ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2006లో నేను తెప్పించుకునే కాగితమే లేని కారు కొన్నాను. 1970 షెవ్రొలె చెవెల్, అందులో ఎక్కువ బలమున్న ఎస్ఎస్ 396 రకమని చెప్పి అమ్మారు. ఎర్ర రంగు మీద నల్ల చారలు, మెరిసిపోతోంది. చెవెల్‌కి 1966 నుంచి 1968 వరకు ఎస్ఎస్ అయితే నంబరే వేరుగా 138తో మొదలయ్యేది. 1969 నుంచి ఎస్ఎస్‌ని అదనపు ప్యాకేజీగా మార్చేశారు, అందుకని చెవెల్‌లో మామూలు రకమైన మలిబుకీ, ఎస్ఎస్‌కీ ఒకే 136 నంబరు. అమెరికాలో అమ్మిన షెవ్రొలెలకి పాంటియాక్‌లాంటి రికార్డులు బయట దొరకవు. నాకు ఈ సంగతి తెలియదు, అడిగే ఓపికా లేకపోయింది. ఇంటికి తెచ్చాక ఒక పెద్దాయన జాకీ ఎత్తి చూసి, "దీనికి ముందు చక్రాలకి డ్రమ్ము బ్రేకులున్నాయి, వెనక ఇరుసుకి పది బోల్టులే ఉన్నాయి. ఎస్ఎస్‌కి ముందు డిస్కులు, వెనక పన్నెండు బోల్టుల ఇరుసు ఉండాలి" అన్నాడు. మలిబుకి బిళ్ళలు అంటించి ఎస్ఎస్ చేశారు. కారుకి పెట్టిన డబ్బులో సగానికి పైగా ఆ రెండు అక్షరాలకే పెట్టాను. అమ్మినాయన ఫోను ఎత్తలేదు. రంగు తళతళలాడకపోయి ఉంటే నేను కిందికి వంగి చూసేవాణ్ణి. నీ ముందున్న కారు మెరవకపోవడం నీ అదృష్టమని అందుకే అంటున్నాను. దాచడానికి ఎవరూ ఏమీ పూయలేదు.

జీటీవో విషయంలో ఇంజన్ కూడా సాక్ష్యం చెబుతుంది. 1968 నుంచి ఇంజన్ దిమ్మ మీద కూడా విన్ నంబరులో కొంతభాగం కొట్టేవారు. బానెట్ ఎత్తి, ముందు వైపు నుంచి ప్రయాణికుడి వైపు సిలిండర్ హెడ్ కింద చూడు. రెండక్షరాల ఇంజన్ కోడ్ ఉంటుంది, 350 గుర్రాల మామూలు ఇంజన్‌కి మాన్యువల్ కారైతే డబ్ల్యూటీ, ఆటోమేటిక్ అయితే వైఎస్. అక్కడే 28 తర్వాత ప్లాంటు అక్షరం, ఆరంకెలు ఉంటాయి. డ్యాష్ మీద ఆరంకెలు, ఇక్కడ ఆరంకెలు ఒకటేనా? ఒకటే అయితే పుట్టినప్పటి ఇంజనే. గ్రీజు, మట్టి పేరుకుపోయి కనపడకపోతే గుడ్డకి కాస్త డీగ్రీజర్ పూసి మెల్లగా తుడువు, తీగ బ్రష్ మాత్రం పట్టకు. ఒక మాట: నంబరు కలవకపోయినా ఆవిడని అబద్ధాలకోరు అనుకోకు. ఆ రోజుల్లో ఈ ఇంజన్లు పగిలేలా తోలేవారు. వారంటీ కింద డీలరే వేరే ఇంజన్ దిమ్మ వేసిన కార్లు చాలా ఉన్నాయి. ఆయన వేయించి ఉంటే ఎక్కడో ఒక రసీదు ఉంటుంది, అడుగు.

ఇప్పుడు తుప్పు. ఈ ఉత్తరంలో ఏదైనా రెండుసార్లు చదవాలంటే ఇది చదువు. ఇంజన్ పాడైతే బాగుచేయించచ్చు, సీటు చిరిగితే కుట్టించచ్చు. కింది చట్రాన్ని, అంటే ఛాసీని, తుప్పు తినేసిన కారు కొంటే మాత్రం డబ్బుకి అడ్డు ఉండదు. డిట్రాయిట్ నగరం కిందే సుమారు 1,200 అడుగుల లోతులో ఉప్పు గని ఉందని నీకు తెలిసే ఉంటుంది. మంచు కరగడానికి చలికాలమంతా ఈ రాష్ట్రం రోడ్ల మీద పోసే ఉప్పు ఇనుము తినేస్తుంది. కాబట్టి ఆవిడని మొదట అడగాల్సిన ప్రశ్న "ఎన్ని మైళ్ళు తిరిగింది?" కాదు, "చలికాలంలో కూడా ఈ కారు తోలేవారా?" అన్నది.

ఒక మంచి టార్చి, ఒక మోకాలి పట్టా, ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం తీసుకుని వెళ్ళు. అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టు, రంగు గీసుకుపోకుండా. వెనక చక్రాల చుట్టూ, వాటి వెనకాల కింది భాగంలో, ముందు చక్రాల వెనకాల తలుపుకి ముందు ఉండే రేకు మీద మెల్లగా పెట్టి చూడు. అంటుకోకుండా జారితే అక్కడ రేకు లేదు, లప్పం ఉంది. రంగు మందం కొలిచే చిన్న పరికరం ఎవరి దగ్గరైనా ఉంటే ఇంకా మంచిది. ఫ్యాక్టరీ రంగు అంతటా పల్చగా, ఇంచుమించు ఒకే మందంలో ఉంటుంది. ఒకచోట ఒక్కసారిగా రెండింతలైతే ఎప్పుడో టింకరింగ్ జరిగిందని అర్థం. అది పెద్ద నేరం కాదు. ఇరవై ఏళ్ళకు పైగా రోడ్డు మీద ఉన్న కారుకి ఒక చిన్న దెబ్బ తగలకుండా ఉండదు. ఎండ్యూరా బంపరు మీద రంగు పగుళ్ళిచ్చి, మిగతా ఒంటి రంగుతో కలవకపోయినా కంగారు పడకు. సాగే పదార్థం మీద రంగు అలాగే ముసలిదవుతుంది.

తర్వాత డిక్కీ తెరువు. చాప ఎత్తు, స్టెప్నీ పక్కకి జరుపు. నేల మీద చుక్కలు చల్లినట్టుండే రంగు కనిపిస్తే అది ఫ్యాక్టరీ వేసిందే, సంతోషించు. ఈ తరహా కార్లకి వెనక అద్దం చుట్టూ ఉండే మెరుపు పట్టీ కింద నీళ్ళు నిలిచి రేకుని తినేసి, అక్కడి నుంచి డిక్కీలోకి కారుతాయి. కాబట్టి డిక్కీ నేలకి చిల్లులుంటే తలెత్తి వెనక అద్దం అంచులు చూడు, మూలకారణం అక్కడుంటుంది. పైకప్పుకి రెక్సిన్ వేసిన కారైతే ఇంకా జాగ్రత్త. వేళ్ళతో నొక్కితే లోపల కరకరమని చప్పుడైనా, బుడిపెలు తగిలినా కింద రేకు పొడైపోతోందన్నమాట. తలుపు తెరిచి చివర పట్టుకుని కాస్త పైకెత్తు. వదులుగా ఊగితే బందులు అరిగాయి, అది చిన్న పని. కానీ తలుపు మూసినప్పుడు కిందా పైనా సందు ఒకేలా లేకపోతే ఒళ్ళు కిందికి వాలిందేమో చూడాలి.

అన్నిటికంటే ముఖ్యం ఛాసీ. జీటీవోకి ఒంటి కింద విడిగా ఉక్కు చట్రం ఉంటుంది. వెనక ఇరుసు మీదుగా అది పైకి వంగే చోట, వెనక చక్రాల వెనకాల, ఒంటికీ చట్రానికీ మధ్య రబ్బరు దిమ్మలుండే చోట టార్చి వేసి చూడు. చిన్న సుత్తితో మెల్లగా తట్టు. గట్టి ఇనుము గణగణ మంటుంది, తుప్పు తిన్న ఇనుము బొద్దుగా మోగుతుంది. స్క్రూడ్రైవర్ మొన లోపలికి దిగితే ఆవిడకి ధన్యవాదాలు చెప్పి ఇంటికి వచ్చేయ్. ఇలా వంగి, పాకి చూడటానికి ఒక పూట పడుతుంది. ఒంటరిగా వెళ్ళకు. జీటీవో అసోసియేషన్ ఆఫ్ అమెరికా ఉంది, పాంటియాక్ ఓక్‌లాండ్ క్లబ్ ఇంటర్నేషనల్ ఉంది. పాంటియాక్ ఊరు మనకి పక్కనే, ఈ కార్లని చేత్తో తయారుచేసిన మనుషులే ఇంకా కొందరు ఈ చుట్టుపక్కల ఉన్నారు. సభ్యుడిగా చేరి, ఎవరైనా వచ్చి చూస్తారా అని మర్యాదగా అడుగు. నా అనుభవంలో కాదన్నవాళ్ళు తక్కువ.

ఇక ఇంజన్. ఆవిడ మనవడో, పక్కింటాయనో "బ్యాటరీ తెస్తే ఇప్పుడే స్టార్ట్ చేసి చూద్దాం" అంటారు. ఒప్పుకోకు, నీ చేత్తో సెల్ఫ్ కొట్టకు. ముప్ఫై ఏళ్ళు కదలని ఇంజన్లో సిలిండర్ గోడలు పొడిబారి ఉంటాయి, రింగులు అతుక్కుని ఉంటాయి, బేరింగుల్లో ఆయిల్ చుక్క ఉండదు. ఒక్క నిమిషం తిప్పితే చాలు, బాగున్న ఇంజన్ కూడా బోరుకొస్తుంది. అనుమతి తీసుకుని ఎనిమిది ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్లో కొంచెం నూనె పోసి రెండు రోజులు వదిలెయ్. తర్వాత ముందున్న క్రాంకు బోల్టుకి పొడుగాటి పానా తగిలించి చేత్తో తిప్పి చూడు. మెల్లగా తిరిగితే కొనేముందు నీకు తెలియాల్సింది తెలిసినట్టే. జామ్ అయి ఉంటే ధర ఆ మేరకు తగ్గాలి, అంతేగాని కారు చచ్చిపోయినట్టు కాదు.

కొన్న తర్వాత కూడా తొందర వద్దు. ట్యాంకు మూత తీస్తే పెట్రోలు వాసన బదులు వార్నిష్ వాసన వస్తుంది, ఆ ట్యాంకు దించాల్సిందే. రబ్బరుతో చేసిందేదీ నమ్మకు: బ్రేకు గొట్టాలు, పెట్రోలు గొట్టాలు, బెల్టులు, టైర్లు. ఇప్పటి పెట్రోలులో కలిపే ఇథనాల్ పాత రబ్బరుని నానబెట్టి చీలుస్తుంది, కాబట్టి కొత్త గొట్టాలు దానికి తట్టుకునేవి కొను. పాంటియాక్ ఇంజన్లకి ఒక జబ్బు ఉంది. టైమింగ్ చైన్ తిరిగే పై చక్రం పళ్ళకి ఆ రోజుల్లో చప్పుడు తగ్గాలని నైలాను తొడిగారు. ఏళ్ళ మీద అది పెళుసెక్కి ముక్కలై ఆయిల్ పాన్‌లోకి రాలి, ఆయిల్ పీల్చే జల్లెడకి అడ్డం పడుతుంది. రోడ్డు మీద మొదటిసారి తోలిన ఆనందం అరగంటే, ఆ తర్వాత బేరింగులు పోతాయి. స్టార్ట్ చేసే ముందే ఆ చక్రం, చైన్ మార్పించు, ఆయిల్ పాన్ దించి కడిగించు. డిస్ట్రిబ్యూటర్ తీసి, ఆ కన్నంలోంచి డ్రిల్లుతో ఆయిల్ పంపుని తిప్పి, ఇంజనంతా ఆయిల్ ఎక్కాకే తాళంచెవి తిప్పాలి. ఆయిల్లో జింకు ఎక్కువున్న రకం పొయ్యాలి, ఆ కాలపు క్యాంషాఫ్ట్‌కి అది కావాలి. ఈ ఇంజన్ కంప్రెషన్ ఎక్కువ, అందుకని పంపు దగ్గర ప్రీమియం పెట్రోలే. సీసం కలపని పెట్రోలుతో వాల్వులు పోతాయని నిన్ను కొందరు భయపెడతారు. నెలకి రెండుసార్లు నింపాదిగా తోలే కారుకి ఆ భయం అక్కర్లేదు.

గరాజ్ శుభ్రం చేసేటప్పుడు మాస్కు, గ్లవ్స్ వేసుకో. అన్నేళ్ళు కదలని కారులో ఎలుకలు కాపురం పెట్టకుండా ఉండవు, వాటి మలం దుమ్ము పీల్చడం ప్రమాదం.

డబ్బు సంగతి. మరదలు అడిగిన ప్రశ్న సరైనదే, దానికి జవాబు రెండు దారుల్లో రెండు రకాలు. కారుని ఉన్నదున్నట్టు ఉంచి, బ్రేకులు, ట్యాంకు, గొట్టాలు, టైర్లు, టైమింగ్ చైన్ మాత్రం బాగుచేయిస్తే నా లెక్కలో ఎనిమిది నుంచి పది వేలు. నువ్వు నేర్చుకుని సగం నీ చేత్తో చేస్తే ఇంకా తక్కువ. పూర్తిగా విప్పించి కొత్తది చేయిస్తే ఒక్క రంగు పనికే పదిహేను వేలు దాటుతుంది. మొత్తం కలిపి డెబ్భై ఎనభై వేలు దాటిన ఇళ్ళు నేను చూశాను, రెండేళ్ళంటే ఐదేళ్ళు పట్టడమూ చూశాను. అంత పోసి చేయించిన కారుకి అమ్మితే అంత రాదు. అలా తయారై ఉన్నది కావాలంటే వేరొకరు చేయించింది తక్కువలో కొనుక్కోవచ్చు. నంబర్లు కలిసి, ఛాసీ గట్టిగా ఉండి, రంగు నిజంగా మొదటిదే అయితే 24 వేలు న్యాయమైన ధర. నేల, వెనక రేకులు తినేసి ఉంటే పదిహేను మించద్దు. ఇంటి మీద అప్పు తీసి, పిల్లల చదువు డబ్బు కదిపి మాత్రం కొనద్దు. మరదల్ని కూడా కారు చూడటానికి తీసుకెళ్ళు. అది నిలబడేది మీ ఇద్దరి గరాజ్‌లో, జనవరిలో మంచులో అద్దాలు గీక్కోవాల్సింది ఎవరి కారో ముందే మాట్లాడుకోండి.

ఇప్పుడు నన్ను ఆపిన మాట. మన ఊళ్ళలో పాత గుళ్ళు చూసే ఉంటావు. భక్తితోనే, మంచి మనసుతోనే, గుడికి కళ రావాలని మండపం స్తంభాల మీద రంగులు పూస్తారు. ఆ రంగు కింద ఎవరో రాజు, ఎవరో రైతు ఇచ్చిన దానం గురించి చెక్కిన శాసనం ఉంటుంది. అక్షరాల గుంతలు నిండిపోతాయి. గుడి కొత్తగా ఉంటుంది, శాసనం పోతుంది. కార్ల విషయంలో నేను చేసిన, చూసిన పనుల్లో నన్ను బాధపెట్టేది అదే.

ఆ జీటీవో బానెట్ ఎత్తితే ఇంజన్ వెనకాల గోడలాంటి రేకు ఉంటుంది. ఫ్యాక్టరీలో వరసలో నిలబడి పనిచేసేవాళ్ళు దాని మీద సుద్దతోనో, మైనపు రంగు పెన్సిల్‌తోనో నంబర్లు, అక్షరాలు రాసేవారు. బోల్టు బిగించి సరిచూసినవాడు దాని మీద ఒక రంగు చుక్క పెట్టేవాడు. ఇరుసుకి ఒక రంగు చార, స్ప్రింగుకి ఒక కాగితం చీటీ. సీటు స్ప్రింగుల మధ్యో, ట్యాంకు పైనో కారు తయారీ వివరాల కాగితం నక్కి ఉండచ్చు. ఇవేవీ అందం కోసం పెట్టినవి కావు, అందుకే ఎవరూ దాచలేదు, ఎవరూ నకిలీ చేయలేదు. విప్పించిన రోజు మొదట పోయేవి ఇవే. ఇసుక కొట్టి, ఆసిడ్ పోసి, ప్రైమర్ పూస్తారు. తర్వాత పుస్తకం చూసి అవే గుర్తులు మళ్ళీ గీస్తారు, కానీ అవి చూసి గీసినవి. నువ్వు చెప్పినదాన్ని బట్టి ఆయన పాంటియాక్‌లో పనిచేశారు. కారు నంబరులో పీ అక్షరం ఉందనుకో. ఆ సుద్ద గీత గీసిన చెయ్యి ఆయనతో కలిసి భోజనం చేసిన స్నేహితుడిది అయి ఉండచ్చు. పాంటియాక్ పేరుతో కార్లు తయారుచేయడం ఆపేస్తున్నట్టు 2009లో జనరల్ మోటార్స్ ప్రకటించింది, 2010కి అంతా అయిపోయింది. ఆ మనుషుల పని ఎలా ఉండేదో చెప్పే చేతిరాత ఇక ఇలాంటి కార్ల మీదే మిగిలింది.

ఇలా ఉన్నదున్నట్టు మిగిలిన కార్లకి ఇప్పుడు విలువ తెలిసింది కూడా. యాంటిక్ ఆటోమొబైల్ క్లబ్ ఆఫ్ అమెరికా వాళ్ళ ప్రదర్శనల్లో అసలు భాగాలతో మిగిలిన కార్లకి విడిగా ఒక తరగతి ఉంది. అరిగిన రంగు అక్కడ లోపం కాదు. కాబట్టి ఆగి, కడిగి, మెత్తటి పాలిష్‌తో మెల్లగా తుడువు. అప్పటి జనరల్ మోటార్స్ రంగు లాకర్ రకం, అంచుల దగ్గర పల్చబడి ఉంటుంది, యంత్రంతో రుద్దితే కింది ప్రైమర్ బయటపడుతుంది. మార్చక తప్పని భాగం మార్చు, పాతదాన్ని మాత్రం చీటీ కట్టి పెట్టెలో దాచు. రాలిపోయిన నైలాను చక్రంతో సహా. తుప్పు ఛాసీని తింటున్న చోట బాగుచేయించడం వేరు, ప్రాణరక్షణ అది, దానికి వెనకాడకు.

పిల్లల సంగతి మీద మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఆ కారు వెనక సీట్లో నడుముకి కట్టే బెల్టే ఉంటుంది, భుజం మీదుగా వచ్చేది ఉండదు. బూస్టరు సీటుకి భుజం బెల్టు తప్పనిసరి. చిన్నపిల్లల సీట్లు తగిలించే కొక్కేలూ ఉండవు. పైగా డిస్క్ బ్రేకులు అదనంగా కొంటేనే ఇచ్చేవారు, చాలా కార్లకి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. వరసగా రెండుసార్లు గట్టిగా తొక్కితే పట్టు తగ్గిపోతుంది. బూస్టరు వయసు దాటేదాకా పిల్లల్ని అందులో రోడ్డెక్కించకు. పాత కార్ల పండగ వుడ్‌వార్డ్ డ్రీమ్ క్రూజ్ 1995 నుంచి, 2020లో తప్ప, ఏటా ఆగస్టులో మూడో శనివారం జరుగుతోంది, కారుని ఒక పక్కన నిలబెట్టి పిల్లల్ని పక్కన కుర్చీల్లో కూర్చోబెట్టినా వాళ్ళకి పండగే. 26 ఏళ్ళు, అంతకు పైబడిన కార్లకి మిషిగన్ ఇచ్చే హిస్టారిక్ ప్లేటు తీసుకుంటే ప్రదర్శనలకి, క్లబ్ పనులకి తిప్పచ్చు, ఆగస్టు నెలంతా మాత్రం మామూలుగా తోలుకోవచ్చు. ఇన్సూరెన్సు ముందే ధర ఒప్పుకునే రకం తీసుకో, మామూలు పాలసీలో ఈ కారు విలువ పాత ఇనుము లెక్కే.

విజయవాడ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకు. మన దేశంలోకి వాడిన కారు తేవాలంటే సాధారణ నిబంధన ప్రకారం మూడేళ్ళు దాటి ఉండకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. ఈ కారు రెండింటికీ నిలవదు. బాగా పాతకాలపు కార్లకి వేరే నిబంధన వర్తిస్తుందేమో అప్పుడు కనుక్కో. నన్నడిగితే మాత్రం దాని ఊరు ఇదే, ఇక్కడే ఉండనీ.

చివరగా ఆ పెద్దావిడ. టైటిల్, అంటే కారు యాజమాన్య పత్రం, ఆయన పేరు మీదే ఉంటే ముందు అది ఆవిడ పేరుకో, వారసుల సంతకాలతో నీ పేరుకో, మిషిగన్‌లో వాహనాల కాగితాలు చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో సక్రమంగా మారాలి. పిల్లలుంటే వాళ్ళకి అమ్మకం సంగతి తెలుసా అని అడుగు. ధర నీకు నచ్చినా, బయటి మదింపుదారుడి చేత ఒకసారి రాయించుకోమని నువ్వే ఆవిడకి చెప్పు. ఎక్కువ చెబుతాడేమోనని భయపడకు, రేపు ఆ వీధిలో నువ్వు తలెత్తుకు నడవాలి. డబ్బు బ్యాంకులో, ఆవిడ ఎదురుగా క్యాషియర్స్ చెక్కుతో ఇవ్వు. కారుతోపాటు రెండో తాళంచెవి, పాత నంబరు ప్లేట్లు, రసీదులు, మాన్యువల్, అటక మీద పెట్టెల్లో ఉన్న భాగాలు అన్నీ అడిగి తీసుకో. ఆయన కారు పక్కన నిలబడ్డ ఫొటో ఒకటైనా ఉంటుంది, అసలుది ఆవిడ దగ్గరే ఉంచి నకలు తెచ్చుకో. ఎక్కడ కొన్నారు, ఆ వేళ ఎవరున్నారు, 1991లో ఎందుకు ఆపేశారు, ఆవిడ చెబుతుంటే ఫోనులో రికార్డు చెయ్.

వెళ్ళినప్పుడు ఎవరూ కారు కడగకముందే బానెట్ ఎత్తి, ఆ వెనక గోడ మీద టార్చి అడ్డంగా వేసి చూడు. నిటారుగా వేస్తే మైనపు గీతలు కనిపించవు. ఏమైనా రాసి ఉంటే ఫొటో తీసి నాకు పంపు.